షుగర్ పుండు: ఆరబెట్టడం మేలా, తడి కట్టు మేలా?

అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే మే నెల మండుటెండల్లో, మా పెద్దమ్మ మిట్టమధ్యాహ్నం ఉత్త కాళ్లతో గుడిలో ప్రదక్షిణలు చేసి వచ్చింది. చెన్నై పెరంబూరులో మా ఇంటికి నాలుగడుగుల్లోనే గుడి. సాయంత్రం గచ్చు మీద తడి మరకలు కనబడితే నేనే ఆమెను కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ లేచి, చితికి, లోపలి ఎర్రటి మాంసం కనబడుతోంది. "నొప్పేం లేదురా" అంది. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. పదిహేనేళ్ల షుగర్ ఆమెది. నరాలు దెబ్బతిని అరికాళ్లు మొద్దుబారిపోయాయి.

ఇక ఇంట్లో రెండు మాటలు. "పసుపద్ది గాలికి వదిలెయ్యండి, పక్కు కట్టి అదే రాలిపోతుంది" అని పెద్దమ్మ. "సెలైన్‌తో కడిగి, లోపల తడి ఆరకుండా కట్టు కట్టాలి" అని నర్సుగా చేసే మా వదిన.

పెద్దమ్మ మాట కొట్టిపారేసేది కాదు. షుగర్ లేనివాళ్లకి మోకాలు దోక్కుపోతే అలాగే మానుతుంది. కానీ గాయం మానడమంటే అంచుల్లోని చర్మ కణాలు పాకుతూ వచ్చి మధ్యలో కలుసుకోవడం. తడి ఉంటే అవి సులువుగా జరుగుతాయి. పక్కు గట్టిపడితే దాని కిందుగా దారి చేసుకుంటూ పోవాలి. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, గాలికి ఆరిన గాయాలకంటే కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది.

షుగర్ ఉన్న ఒంట్లో ఆ కణాలు ముందే నీరసపడి ఉంటాయి. రక్తంలో ఎక్కువైన చక్కెర చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని దాన్ని బిరుసెక్కిస్తుంది. క్రిముల్ని మింగే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. సన్నటి రక్తనాళాలు పాడై ప్రాణవాయువు సరిగా అందదు. అలాంటి కణాలకి పక్కు అనే అడ్డుగోడ కూడా ఎందుకు? పసుపు మీద నాకూ నమ్మకం ఉంది, కానీ వంటింటి డబ్బాలోది తెరిచిన పుండులో వేసేంత శుభ్రమైనది కాదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే క్రిములతో పాటు కొత్త కణాలూ చస్తాయి.

అందుకని నా ఓటు వదిన కట్టుకే. అయితే తడి అంటే నానబెట్టడం కాదు. అంచులు తెల్లగా నాని మెత్తబడితే కట్టు మార్చాల్సిందే. రక్తం అందక నల్లగా ఎండిపోయిన వేలి సంగతి వేరు. దాన్ని తడపకూడదు, పొడిగానే ఉంచి వెంటనే డాక్టరుకు చూపించాలి. ఎరుపు పాకినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంత చేసినా రెండు వారాలకి పుండు తగ్గలేదు. కట్టులో తప్పు లేదు. పెద్దమ్మ అదే కాలి మీద వంటింట్లో తిరుగుతోంది. నొప్పి లేదు కాబట్టి కుంటదు, కుంటదు కాబట్టి ప్రతి అడుగూ పుండును నలిపేస్తుంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాల్లో గమనించింది ఇదే. లోపం మాంసంలో కాదు, స్పర్శ పోవడంలో. ప్లాస్టర్ కట్టు వేసి బరువు పాదమంతా పంచితే ఆ పుండ్లు మానాయి. తడి కట్టా, పొడి కట్టా అని మేం వాదించుకున్న వాటన్నిటికంటే ఇదే పెద్ద సంగతి.

మా డాక్టరు పెద్దమ్మకి పాదం ముందు భాగం మీద బరువు పడని బూటు ఇచ్చి, ఇన్సులిన్ మొదలుపెట్టారు. కూరలు తరగడం కూడా కుర్చీలోనే. నెల తిరిగేసరికి అంచుల నుంచి గులాబీ రంగు పొర సన్నగా లోపలికి పాకుతూ కనబడింది. ఇప్పుడు రోజూ స్నానం కాగానే నేల మీద చేతి అద్దం పెట్టి అరికాలు చూసుకుంటుంది. ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పులే, అంటే షుగర్ పాదాలకి వాడే మెత్తటి రబ్బరు చెప్పులు. గుడికి మాత్రం తెల్లవారుజామున, రాళ్లు చల్లగా ఉన్నప్పుడు వెళ్తోంది.