కుర్సురా, టీయూ-142: దాక్కున్నదీ వెతికేదీ ఎదురెదురుగా

గూఢచర్యం మ్యూజియం చూడాలనుకునే జంటలు విశాఖ దాటి వెళ్ళక్కర్లేదు. ఆర్కే బీచ్ ఇసుకలో ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి ఉంది, రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది. ఆ మాట బోర్డుల మీద కనిపించదు గానీ రెండూ చేసింది నిఘా పనే. ఒకటి నీళ్ళలో నక్కి చెవి ఒగ్గేది, రెండోది అలాంటివాటిని ఆకాశం నుంచి వెతికి పట్టేది. వేర్వేరుగా చూస్తే ఒకటి ఇనప గొట్టం, ఇంకొకటి పాత విమానం అనిపిస్తాయి. ఒకదాని వెంట ఒకటి చూస్తేనే అసలు ఆట అర్థమవుతుంది.

సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. వేళలు, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు ఒకసారి కనుక్కోండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. లోపల దారి ఒక మనిషి పట్టేంతే, వెనక జనం నెడుతుంటే ఏ గదిలోనూ నిలబడి అడగడానికి వీలుండదు. మంగళ, బుధవారాల్లో తెరిచిన వెంటనే వెళ్ళడం మేలు. రెండింటికీ, ఆ తర్వాత నడకకీ కలిపి రెండున్నర గంటలు చాలు.

మొదట కుర్సురా. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొందింది, 2002 ఆగస్టు నుంచి ఇక్కడ సందర్శకులకు తెరిచి ఉంది. పొడవు 91 మీటర్ల పైచిలుకు, సిబ్బంది 75 మంది. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులు ఉంటాయి. తల ముందు పెడితే నుదురు తగలడం ఖాయం. పై అంచు పట్టుకుని, ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుము వంచి, తల చివర్లో దాటించాలి. చీర కన్నా చుడీదార్ సుఖం. భుజాన వేలాడే పెద్ద బ్యాగు ప్రతి కవాటానికీ తగులుకుంటుంది, తీసుకెళ్ళకండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు, ఇరుకంటే భయపడేవాళ్ళు బయటి నుంచే చూసి నేరుగా విమానం దగ్గరికి వెళ్ళడం మంచిది.

అందరూ టార్పెడో గొట్టాల దగ్గర ఫొటోలు దిగుతారు. ముందు ఆరు, వెనక నాలుగు, మొత్తం పది. చూడాల్సినవే. కానీ ఎక్కువసేపు ఆగాల్సింది సోనార్, రేడియో పరికరాల దగ్గర. సోనార్‌తో రెండు రకాలుగా పని చేయవచ్చు. శబ్దం వదిలి, అది దేనికో తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టడం ఒకటి. అలా శబ్దం వదిలిన క్షణమే మన ఉనికి ఎదుటివాడికి తెలిసిపోతుంది. అందుకే జలాంతర్గామి ఎక్కువగా రెండో దారి పడుతుంది: ఊరికే వినడం. ఎక్కడి దొంగలు అక్కడే గప్‌చుప్. ప్రతి నౌక ఇంజనుకీ, ప్రొపెల్లర్‌కీ తనదైన లయ ఉంటుంది, అనుభవం ఉన్న చెవి దాన్ని పోల్చుకుంటుంది.

గైడ్లలో విశ్రాంత నౌకాదళ ఉద్యోగులు ఉంటారు. టాయిలెట్ ఎక్కడ, వంట ఎలా అనే ప్రశ్నలు వాళ్ళు రోజూ వినేవే. మీరు స్నార్కెల్ గురించి అడగండి. కుర్సురాకి మూడు డీజిల్ ఇంజన్లు, మూడు విద్యుత్ మోటార్లు. నీటి అడుగున మోటార్లు బ్యాటరీల మీద నడుస్తాయి, చప్పుడు తక్కువ. బ్యాటరీలు తరిగాక డీజిళ్ళు నడిపి చార్జింగ్ చేయాలి, డీజిళ్ళకు గాలి కావాలి. అప్పుడు పైకి వచ్చి స్నార్కెల్ గొట్టం నీటిపైకి ఎత్తక తప్పదు. ఆ గొట్టం రాడార్‌కి దొరుకుతుంది, డీజిళ్ళ మోత దూరానికి వినిపిస్తుంది. ఇలాంటి జలాంతర్గామి దొరికిపోయేది ఎక్కువగా ఆ గంటల్లోనే.

ఇద్దరూ పని పంచుకుంటే బాగుంటుంది. లోపల చప్పుడు చేసేవాటిని ఒకరు లెక్కపెట్టుకోండి: డీజిళ్ళు, పంపులు, మూడు ప్రొపెల్లర్లు, చేతి నుంచి జారిన పానా కూడా. రోడ్డు దాటాక వాటిని పట్టే సాధనాలు వెతకడం రెండోవారి వంతు.

టీయూ-142 మన నౌకాదళంలో 29 ఏళ్ళు పనిచేసి 2017 మార్చిలో తమిళనాడులోని అరక్కోణంలో విరమించింది, ఆ డిసెంబరులో ఇక్కడ మ్యూజియంగా తెరుచుకుంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మొదటి ప్రొపెల్లర్ మెలితిప్పిన గాలిని రెండోది సరిచేసి, వృథా అయ్యే శక్తిని తోపుగా మారుస్తుంది. విమానం కన్నా ముందు ప్రదర్శనలోని సోనోబోయ్‌లు చూడండి. పారాచూట్‌తో సముద్రంలోకి జారవిడిచే గొట్టాలివి. నీటిని తాకగానే పైభాగం తేలుతుంది, వైరుకి వేలాడే మైకు లోపలికి దిగుతుంది, విన్నదాన్ని రేడియోలో విమానానికి పంపుతుంది. ఒక్కటి వేస్తే ఏదో ఉందని తెలుస్తుంది గానీ కచ్చితమైన చోటు తెలియదు. అందుకే వరుసగా చల్లుతారు. మైకు లోతు ముఖ్యం: పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు కలిసే చోట శబ్దం వంగుతుంది, ఆ పొర కింద నక్కినవాణ్ణి పైనున్న మైకు వినలేకపోవచ్చు.

చివరగా బీచ్ మీదే, 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం దాకా నడవండి. దారిలో మురీ మిక్చర్ కొనుక్కోండి, నిమ్మకాయ కాస్త ఎక్కువ పిండమనండి. 1971లో విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ చెప్పిన వివరాల ప్రకారం, ఆచూకీ అందింది ఒక కందెన నూనె వల్ల. జలాంతర్గాములూ, మైన్‌స్వీపర్లూ (సముద్రంలో మందుపాతరలు తొలగించే నౌకలు) మాత్రమే వాడే రకం నూనె గురించి అప్పటి తూర్పు పాకిస్తాన్ రేవు చిట్టగాంగ్‌ను అడిగిన సందేశం మనవాళ్ళకు చిక్కింది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, పాత నౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్‌లా రేడియో సందేశాలు దండిగా పంపించారు. ఒక నావికుడు తల్లి ఆరోగ్యం అడుగుతున్నట్టు మామూలు తంతి కూడా వాటిలో ఉంది. రహస్య సంకేతాల కన్నా అలాంటి ఇంటి కబురునే శత్రువు త్వరగా నమ్ముతాడు.

డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్లనని మన నౌకాదళం అంటుంది, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని పాకిస్తాన్ అంటుంది. 90 మందికి పైగా నావికులు అందులో ఉన్నారు. కుర్సురాలోని ఆ గుండ్రటి తలుపుల గుండా దూరి వచ్చిన కాసేపటికే ఇక్కడ నిలబడాలి, అందుకే ఈ చోటును చివరికి ఉంచుకోమన్నది.