చిమ్నీ వాయువు: ఆరబెట్టి కొలవాలా, తడితోనే కొలవాలా?

వెట్ ఎఫ్‌జీడీ (పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను నీళ్లతో కడిగి తీసే యంత్రం) దాటిన వాయువు 50–55 డిగ్రీల దగ్గర నీటి ఆవిరితో నిండుగా ఉంటుంది. ఘనపరిమాణంలో 12 నుంచి 15 శాతం నీరే. ఇక్కడ ఎనలైజర్ (వాయువుల గాఢత కొలిచే పరికరం) బ్రాండు కంటే ఆ నీటిని ఏం చేస్తున్నామన్నదే ముఖ్యం.

చల్లబరిచే పద్ధతి చవక, టెక్నీషియన్లకు అలవాటైనది. వేడి లైన్‌లో (వేడిగా ఉంచిన గొట్టంలో) వచ్చిన శాంపిల్‌ను కూలర్ 4 డిగ్రీలకు దించితే తేమ 0.8 శాతానికి పడిపోతుంది. నిబంధనలు అడిగే డ్రై బేసిస్ (నీటి ఆవిరిని లెక్కలోంచి తీసేసిన) రీడింగే నేరుగా వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్‌లకు ఇంతకు మించి ఖర్చు దండగ.

చిక్కంతా నీళ్లలో కరిగేవాటితోనే. హైడ్రోజన్ క్లోరైడ్, అమ్మోనియా కూలర్ నీళ్లతో పాటు డ్రెయిన్‌లోకి పోతాయి. సల్ఫర్ డయాక్సైడ్ కొంత పోతుంది. గాఢత తగ్గేకొద్దీ పోయే శాతం పెరుగుతుంది. 600 పీపీఎం (పది లక్షల్లో 600 భాగాలు) దగ్గర కనబడని నష్టం, ఎఫ్‌జీడీ తర్వాత 30 పీపీఎం దగ్గర తప్పుడు రిపోర్టే అవుతుంది. అమ్మోనియా తోడైతే కూలర్ గొట్టంలో తెల్లటి ఉప్పు కూడా పేరుకుంటుంది. కూలర్ ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం కొద్దిగా డోస్ చేస్తే నష్టం తగ్గుతుంది. కూలర్ నీళ్లను బయటికి తోడే పెరిస్టాల్టిక్ పంపు ట్యూబు అరిగి నీళ్లు నిలిచిపోతే ఆ ఆమ్లం కూడా ఏమీ చేయలేదు.

వేడిగానే కొలిచే ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో వాయువులను కొలిచే ఎనలైజర్) వాయువు నిండే సెల్ 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఏదీ కరగదు. తేమను కూడా అదే కొలుస్తుంది కాబట్టి డ్రై విలువకు మార్చడం తేలిక: తడి రీడింగ్‌ను (1 − తేమ)తో భాగించాలి. 15 శాతం తేమలో 34 పీపీఎం అంటే పొడిగా 40. తేమ 10 శాతానికి తగ్గినా సాఫ్ట్‌వేర్‌లో 15 అనే స్థిరాంకం అలాగే ఉంటే, 37.8 రావాల్సిన చోట 40 వస్తుంది. ప్రోబ్‌కూ (చిమ్నీలోంచి శాంపిల్ తీసే గొట్టం) లైన్‌కూ మధ్య జాయింట్ దగ్గర నాలుగు వేళ్ల మేర ఇన్సులేషన్ లేకపోయినా నీరు అక్కడే చేరుతుంది. ఆక్సిజన్ రీడింగ్ మామూలుగానే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. కరెంటు పోయిన వెంటనే పొడి గాలితో పర్జ్ అయ్యే (లోపలి వాయువును బయటికి తోసేసే) ఏర్పాటు లేకపోతే సెల్‌లోని అద్దాలు పాడవుతాయి.

మూడో దారి పలచన: శాంపిల్‌ను పొడి గాలితో 100 రెట్లు పలచన చేస్తే తేమ 0.15 శాతమే, లైన్ వేడి చేయక్కర్లేదు. కానీ 30 పీపీఎం కాస్తా 0.3 అవుతుంది, శాంపిల్ వచ్చే సన్నటి రంధ్రంలో (ఆరిఫైస్) బిందువులు చేరితే నిష్పత్తే మారిపోతుంది. తడి చిమ్నీకి ఇది నాకు నచ్చదు.

చెత్త దహన కేంద్రాలకూ, నైట్రోజన్ ఆక్సైడ్‌లు తగ్గించడానికి అమ్మోనియా చల్లే బాయిలర్లకూ వేడి పద్ధతే. ఎఫ్‌జీడీ తర్వాత ఆమ్లం డోసింగ్ ఉంటే కూలర్‌తో నెట్టుకురావచ్చు. ఏది కొన్నా, రీడింగ్ సరిచూసే సిలిండర్ వాయువును (గాఢత ముందే తెలిసినది) ఎనలైజర్ వెనక కాకుండా ప్రోబ్ దగ్గరే వదలాలి. అదీ పొడి వాయువే కాబట్టి కూలర్‌లో పోయేది బయటపడదు; తేమ కలిపిన వాయువుతో ఒకసారి చూసి తేడా రాసిపెట్టుకోవాలి.