గాలివానలో గుడ్డ టాపు జీపు: కోనసీమ చెరువు గట్ల మీద వాడి చూశాక

మామూలు వానకి ఈ బండి చాలు. ఉరుములు, పిడుగులతో వచ్చే గాలివానకి చాలదు. టాపు విప్పుకునే వీలున్న జీపు కొందామా అని మా వైపు రొయ్యల రైతులు అడుగుతున్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా ఒకచోట రాస్తే మేలనిపించింది. బండి మా బావగారిది. ఆయన మస్కట్‌లో ఉంటారు, ఖాళీగా పడి ఉంటే పాడైపోతుందని నన్ను తిప్పమన్నారు. వేసవి నుంచి తుఫాన్ల కాలం దాటేదాకా నా పనికి అదే తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఏ కంపెనీ గుడ్డ టాపుకైనా వర్తిస్తుంది.

నా పని రొయ్యల చెరువులు చూసుకోవడం. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో తిరుగుతాను. గాలివాన పడితే ఊళ్లో అందరూ తలుపులు వేసుకుంటారు, మాకు అప్పుడే పని మొదలవుతుంది. కరెంటు పోతుంది, చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి. మబ్బు పట్టిన రోజున నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ. జనరేటర్ వెంటనే అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుంది, రైతు పెట్టుబడి దాంతోపాటే పోతుంది. అందుకని మాలాంటి వాళ్లకి బండి షోకు కాదు. అర్ధరాత్రి గట్టు మీదికి చేర్చి మళ్లీ ఇంటికి తీసుకురావాలి. ఆ లెక్కలోనే దీన్ని చూశాను.

ఫోర్ వీల్ పట్టు బాగుంది. ఒండ్రు మట్టి పుంతల్లో ఎక్కడా దిగబడలేదు. సాయంత్రం టాపు వెనక్కి మడిచి ఓడలరేవు వైపు వెళ్తే సముద్రపు గాలికి హాయిగా ఉంటుంది, పిల్లలు దిగమంటే దిగరు. వీటి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు, కొనేవాళ్లు షోరూంలో చూసేవి ఇవే.

జల్లు పడితే టాపు ఆపుతుంది. గంటసేపు జోరున కురిస్తే ముందు అద్దం పైన కొక్కేలు పట్టే రెండు మూలల నుంచి నీళ్లు ఊరి మోకాళ్ల మీద పడతాయి. తడవడం పెద్ద విషయం కాదు, చూపు పోవడం పెద్ద విషయం. పక్కన, వెనక ఉండేవి గాజు అద్దాలు కావు, జిప్పుతో బిగించే ప్లాస్టిక్ షీట్లు. ఏసీ వేసి ముందు అద్దం మీది ఆవిరి పోగొట్టవచ్చు గానీ వెనక ప్లాస్టిక్‌కి వైపరూ లేదు, వేడి తీగలూ లేవు. చెరువు కాపలా ఉండే బాబాయి సాయం చేద్దామని భుజం మీది తువ్వాలుతో తుడవబోతే, "వద్దు బాబాయ్, మట్టి ఉంటే గీతలు పడిపోతాయి, ముందు నీళ్లు కొట్టాలి" అని ఆపాను. గీతలు పడ్డ ప్లాస్టిక్ మీద వెనక వచ్చే లారీ హెడ్‌లైటు పడితే మొత్తం తెల్లగా వెలిగిపోతుంది. 216 జాతీయ రహదారి మీద రాత్రిపూట వానలో అది ప్రమాదం. వెనక ఏముందో తెలియదు, టాపు చప్పుడులో హారన్ కూడా సరిగా వినపడదు.

ఇక పిడుగు సంగతి. కొనేవాళ్లెవరూ దీని గురించి అడగడం లేదు, నా బాధంతా అదే.

ఒక సాయంత్రం మబ్బు కమ్ముకొస్తుంటే ఆ బాబాయే అన్నాడు, "టైర్లు రబ్బరు కదా బాబూ, బండిలో కూర్చుంటే పిడుగు ఏం చేస్తుంది?" మా వైపు చాలామంది నమ్మకం ఇది. పిడుగు కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని కిందికి వస్తుంది, జానెడు రబ్బరు దాన్ని ఆపలేదు. రేకు టాపు కారులో మనల్ని కాపాడేది టైరు కాదు, చుట్టూ ఉన్న లోహపు రేకు. పిడుగు కరెంటు ఆ రేకు బయటి వైపు నుంచే పాకి నేలలోకి దిగిపోతుంది. లోహపు రేకు తొడిగిన గది కట్టి, బయట ఎంత విద్యుత్తు ఉన్నా లోపలికి రాదని మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1836లో చూపించాడు. ఆ గదికి పైకప్పు తీసేసి గుడ్డ కప్పితే ఏమవుతుందో ఆలోచించండి. మా బావగారి బండి టాపు కింద ఇనప కడ్డీలు ఉన్నాయి, అవి బండి బోల్తా పడినప్పటి కోసం పెట్టినవి. నాలుగు కడ్డీలుంటే రేకు టాపుతో సమానమని ఎవరైనా చెబితే నమ్మకండి.

పైగా మన నేల చూడండి. చెరువులన్నీ పలకలా చదునుగా ఉంటాయి, కనుచూపు మేర ఎత్తైనది ఏదీ ఉండదు. గట్టు మీద నిలబడ్డ బండి, పక్కన కరెంటు స్తంభం, అంతే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివానలో తుఫాను కన్నా పిడుగుల భయమే ఎక్కువ. అందుకే ఉరుము వినపడితే నేను ఈ బండిలో కూర్చోను, బాబాయినీ కూర్చోనివ్వను. పక్కా స్లాబు ఉన్న గదిలోకి వెళ్తాం. తాటాకు పాకా, టార్పాలిన్ షెడ్డూ లెక్కలోకి రావు. గదిలో కూడా స్టార్టరు, స్విచ్చుబోర్డు ముట్టుకోకూడదు. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెడితే దూరం తెలుస్తుంది, సుమారు మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. ఆఖరి ఉరుము విన్నాక కూడా అరగంట ఆగాలి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. రేకు టాపు కారు దగ్గర్లో ఉంటే అందులో అద్దాలు ఎక్కించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తలుపు పిడికి తగలకుండా కూర్చోవచ్చు. నగరాల్లో కనిపించే ఖరీదైన కన్వర్టబుల్ కార్లకీ ఇదే లెక్క. మడతపడే టాపు లోహంతో చేసినదై, పూర్తిగా మూసి ఉంటే కొంత నయం. గుడ్డదైతే దాని ధర ఎంతైనా గుడ్డే.

గాలి గురించి. వాతావరణ శాఖ గంటకి 62 నుంచి 88 కిలోమీటర్ల గాలిని తుఫాను అంటుంది, 89 నుంచి తీవ్ర తుఫాను. అరవై వేగంతో ఎదురొచ్చే గాలిలోకి మీరు అరవైలో నడిపితే టాపు మీద పడేది నూట ఇరవై. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. గుడ్డ బెలూన్‌లా ఉబ్బి కొట్టుకుంటుంది, కొక్కేలు కీచుమంటాయి. చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి పాయ దాటుతుంటే పక్క గాలి తోస్తుంది, ఎత్తైన బండి కాబట్టి స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి. నలభై దాటకపోవడమే మంచిది. గాలి ముదురుతోందని తెలిస్తే బయల్దేరే ముందే కొక్కేలు, జిప్పులు చూసుకోవాలి. నడి వంతెన మీద టాపు సర్దడానికి ఆగడం అన్నిటికన్నా ప్రమాదం.

కొబ్బరి చెట్టు ఇంకో సంగతి. మన రోడ్లన్నీ తోటల మధ్యే, కాలవ గట్ల మీదే. ఇరవై మీటర్ల ఎత్తు నుంచి కాయ రాలితే కింద పడేసరికి గంటకి 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. రేకు టాపు సొట్ట పడి ఆపుతుంది, గుడ్డ టాపు కింద ఉన్నది మన తల. 1996 నవంబరు తుఫానులో తోటలకు తోటలు నేలకొరగడం చూసిన పెద్దలు ఈ సంగతి నాకన్నా బాగా చెబుతారు.

న్యాయంగా ఒక మంచి కూడా చెప్పాలి. కాలవలోకి బండి దూసుకుపోయిన వార్త విన్నప్పుడల్లా నాకు గుండె జారుతుంది. నీళ్ల ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు. గుడ్డ టాపు అయితే కోసుకుని బయటపడే అవకాశం ఉంది. డ్రైవర్ చేతికి అందేచోట సీటు బెల్టు కోసే కత్తి కట్టి ఉంచాను. ఏ టాపు బండి అయినా సరే, కాలవ గట్ల మీద తిరిగేవాళ్లు అది పెట్టుకోండి.

సంరక్షణ త్వరగా చెప్పేస్తాను. తడి టాపు మడిచి పెడితే బూజు పడుతుంది, మర్నాడు ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. సముద్రం దగ్గర ఉప్పు గాలికి కొక్కేలు తుప్పు పడతాయి, వారానికోసారి మంచినీళ్లతో కడగాలి. జిప్పులకి కొబ్బరి నూనె రాయకండి, ఇసక అంటుకుంటుంది. కొవ్వొత్తి రుద్దితే చాలు. నీళ్లు పోయే కంతల్లో సరుగుడు ఆకు చేరుతుంది, అవి మూసుకుపోతే నీళ్లు లోపలి కార్పెట్ కిందికి దిగుతాయి.

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు జిల్లాల్లో రాత్రి వాహనాల రాకపోకలు ఆపేశారు. ఆ రోజు పొద్దున్నే ఈ బండిని బావగారి ఇంటి స్లాబు కింద పెట్టేశాను. రైతులతో మాట్లాడి జనరేటర్లలో డీజిలు ముందే నింపించి, వెలుతురు ఉండగానే స్నేహితుడి రేకు టాపు కారులో చెరువు దగ్గరికి వెళ్లి, రాత్రంతా పక్కా గదిలోనే ఉన్నాను. ఈ బండి ఉన్నవాళ్లకి నేను చెప్పే పద్ధతి అదే: గాలివాన ముందే చేరండి, గాలివానలో బయల్దేరకండి.

ఇదంతా బావగారికి ఫోన్లో చెబితే, అదే మోడల్‌కి గట్టి టాపు దొరుకుతుందా అని అడిగారు. కొన్ని బండ్లకి దొరుకుతుంది. కానీ కొన్ని ఫైబర్‌వి ఉంటాయి, చూడ్డానికి గట్టిగా ఉన్నా పిడుగుకి గుడ్డతో సమానమే, అడిగి లోహపుదే తీసుకోవాలి. మార్చే ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి సంగతి కనుక్కోవాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయనే చూసి నిర్ణయిస్తానన్నారు. కొత్తగా కొనేవాళ్లయితే మొదటే రేకు టాపు మోడల్ తీసుకోండి, రాత్రిపూట చెరువు దగ్గరికి వెళ్లేవాళ్లయితే మరీను.