ట్యాంకు ఫుల్ చేసి ఇచ్చారని మురిసిపోకండి: పాత క్యాంపర్ వ్యాను కొనేవాళ్లకు హెచ్చరిక

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత డీజిల్ వ్యాను కొని, లోపల మంచం, గ్యాస్ పొయ్యి ఉన్న బండిలో ఇంటిల్లిపాదీ తిరుగుదామని అనుకుంటున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. అమ్మేవాళ్లు "ట్యాంకు ఫుల్ చేసి ఇస్తాను" అని, ఆ వెంటనే "డీజిల్ ముల్లు (ట్యాంకులో ఎంతుందో చూపే మీటరు) ఒక్కటే పని చెయ్యదు, చిన్న విషయం" అని అంటే డబ్బు తియ్యకండి. ఆ రెండు మాటలూ విని కూడా నేను 4,80,000 రూపాయలకు బండి కొన్నాను. రెండు నెలలు తిరగకుండానే సాలూరు దాటాక ఘాట్ రోడ్డు మీద, అమ్మా పిల్లలూ బండిలో ఉండగా, ఇంజిన్ ఆగిపోయింది.

బండి శ్రీకాకుళం వైపు ఒకాయన దగ్గర కొన్నాను. పేరు రాయడం లేదు. పదహారేళ్ల పాత బండి, మెకానికల్ పంపు ఇంజిన్, అంటే కంప్యూటర్ లేకుండా నడిచే పాత రకం డీజిల్ పంపు. లోపల ప్లైవుడ్ మంచాలు, చిన్న సింకు, పొయ్యి అన్నీ నీటుగా ఉన్నాయి. మా ఆవిడకు ఆ వంట గట్టు చూడగానే నచ్చేసింది. మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది, ఇలా తాళం తిప్పితే అలా స్టార్ట్ అయింది. మడపం దాకా వెళ్లి వంశధార బ్రిడ్జి దాటి తిరిగి వచ్చాం. ఎక్కడా చిన్న జెర్క్ కూడా లేదు. "విజయనగరం దాకా మీకు ఖర్చు లేకుండా ట్యాంకు నింపించాను తమ్ముడూ" అన్నాడు. మంచి మనిషి అనుకున్నాను.

మొదటి వారం అరసవల్లి, రామతీర్థం, చింతపల్లి బీచ్ తిరిగాం. ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒకరోజు గజపతినగరం దాటాక బండి తడబడటం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేదు, వెనక తెల్లపొగ, రెండు కిలోమీటర్ల తర్వాత ఆగిపోయింది. మెకానిక్ వచ్చి "ఎయిర్ పట్టింది, ఫిల్టర్ జామ్ అయింది" అని ఫిల్టర్ మార్చి, డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి స్టార్ట్ చేశాడు. ఎందుకైనా మంచిదని నేను బంకులో రెండు వేల రూపాయల డీజిల్ కొట్టించాను. బండి మళ్లీ కొత్తదానిలా పరిగెత్తింది. ఫిల్టరే కారణమని నమ్మేశాను.

ఇంకో రెండు వారాలకు మళ్లీ అదే తంతు. ఈసారి ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాం, మళ్లీ డీజిల్ పోయించాను, మళ్లీ బాగుంది. మూడోసారి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి, సరిచూసి సర్దడానికి (కాలిబ్రేషన్‌కు) పంపించాం. ఫిల్టర్, ఫీడ్ పంపు, నాజిల్స్, కూలీ అన్నీ కలిపి 17,400 అయింది. నా దగ్గర రసీదులు ఉన్నాయి. ప్రతిసారీ రిపేరు తర్వాత నేను డీజిల్ పోయించాను కాబట్టే బండి బాగుపడినట్టు కనిపించిందని అప్పటికి నాకు తట్టలేదు. ముల్లు పనిచేసి ఉంటే, "సగానికి రాగానే ఆగుతోంది" అని రెండోసారికే పట్టేసేవాణ్ని.

నాలుగోసారి కోరాపుట్ వెళ్దామని బయల్దేరాం. పి.కోనవలస దాటి ఎక్కుతుంటే మలుపులో ఇంజిన్ ఆగింది. ఇంజిన్ ఆగిపోతే బ్రేకుకు వాక్యూమ్ అందదు. ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, ఇంకా బలంగా తొక్కాలి. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. బండి వెనక్కి జారడం మొదలైంది. హ్యాండ్ బ్రేక్ లాగి, రెండు కాళ్లతో పెడల్ మీద నిలబడ్డట్టు తొక్కి పట్టుకున్నాను. వెనక లారీ క్లీనర్ పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టాడు. ఆ అబ్బాయికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మా చిన్నది ఇప్పటికీ ఆ బండి ఎక్కాలంటే నా చెయ్యి వదలదు.

బండిని సాలూరు లాక్కొచ్చాం. లారీల ఊరు కాబట్టి డీజిల్ పని తెలిసిన పాత మేస్త్రీలు అక్కడ ఉన్నారు. మేం చూపించిన పెద్ద మేస్త్రీ ఒక్క నట్టూ విప్పకుండా అడిగిన మొదటి మాట: "బండి ఆగినప్పుడు ట్యాంకులో ఎంతుందో సూసుకున్నారా బాబూ?" నా దగ్గర జవాబు లేదు.

ఆయన చేసిన పని వివరంగా రాస్తున్నాను, మీ మెకానిక్‌తోనూ ఇదే చేయించండి. ముందు ఫిల్టర్‌కు వచ్చే పైపు దగ్గర ఒక మూర పొడవు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు కలిపాడు. స్టార్ట్ చేస్తే అందులో బుడగలు కనిపించాయి. అంటే ఫిల్టర్‌కు ముందే ఎక్కడో గాలి పీలుస్తోంది. తర్వాత డీజిల్ లాగే సక్షన్ పైపు, మిగిలింది వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు రెండూ ట్యాంకు నుంచి తప్పించి, అయిదు లీటర్ల డీజిల్ క్యానులో పెట్టాడు. అరగంట నడిచినా ఒక్క బుడగ లేదు. అంటే పంపు, నాజిల్స్ అన్నీ బాగున్నట్టే, నా పదిహేడు వేలు వృథా అయినట్టే. మళ్లీ ట్యాంకుకు కలిపితే బుడగలు. అప్పుడు ట్యాంకులో ఇరవై లీటర్లు పోయించాడు. బుడగలు ఆగిపోయాయి. "ట్యాంకు లోపలి గొట్టానికే బొక్క పడింది" అన్నాడు.

ఆ గొట్టం బిగించి ఉండే ట్యాంకు మూత ప్లేటు మంచం కింద ఉంది. ప్లైవుడ్ విప్పబోతే అక్కడ చెక్క అప్పటికే చదరంగా కోసి, మళ్లీ అతికించి ఉంది. స్క్రూల తలలు కొత్తగా గీసుకుపోయి మెరుస్తున్నాయి. గొట్టం బయటికి తీస్తే, దాని మధ్యలో తుప్పు తిని సూది మొన దూరేంత రంధ్రం. దాని చుట్టూ బూడిద రంగు లప్పం పెట్టిన ఆనవాళ్లు, సగం ఊడిపోయి డీజిల్‌లో మెత్తబడి. మేస్త్రీ వేలితో నొక్కితే ఆ ముక్క మట్టిలా రాలింది. డీజిల్ ఆ రంధ్రం కంటే పైన ఉన్నంతసేపూ గొట్టం డీజిలే పీలుస్తుంది. మట్టం కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ట్యాంకులో వెనక వైపుకు జరుగుతుంది కాబట్టి, గొట్టం ముందు వైపు ఉంటే రంధ్రం ఇంకా ముందే బయటపడుతుంది. ఇక డీజిల్ ముల్లు అసలు పాడవ్వలేదు. దాని వైరు పీకి టేపు చుట్టి ఉంది. కలపగానే ముల్లు లేచింది.

గొట్టం మార్చి, ట్యాంకు కడిగించి, కొత్త పైపులు, కాపర్ వాషర్లు వేస్తే 3,200 అయింది. అయితే అసలు నష్టం ఇంకోటి ఉంది. ఇలాంటి పాత రోటరీ పంపులకు లోపల డీజిలే లూబ్రికేషన్. గాలితో తిప్పిన ప్రతిసారీ పంపు అరుగుతుంది. ఇప్పుడు నా పంపు షాఫ్ట్ దగ్గర డీజిల్ చెమర్చుతోంది. దానికి ఎంత పెట్టాలో ఇంకా తేలలేదు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదా తమ్ముడూ" అన్నాడు. లప్పం సంగతి, వైరు సంగతి అడగ్గానే పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు. నేను సంతకం పెట్టిన కాగితంలో "బండి ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను" అని ఉంది. మీరు ఆ మాట మీద సంతకం పెట్టకండి. తెలిసిన లోపాలన్నీ చెప్పానని అమ్మేవాళ్ల చేత రాయించుకోండి.

బండి చూడటానికి వెళ్లేముందు రోజే ఫోన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని, ట్యాంకు నింపొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచినట్టే, ఇంకో రోజు వస్తామనండి. పావు ట్యాంకుతో కనీసం నలభై కిలోమీటర్లు, కొంత ఎత్తు ఉన్న రోడ్డు మీద నడపండి. మధ్యలో ఆగి డీజిల్ పోసే మూత తియ్యండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. అది కూడా బండిని ఆపేస్తుంది, కానీ శుభ్రం చేస్తే పోయేదే. ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో కొంచెం పట్టండి. అడుగున నీళ్లు, ఎర్రటి తుప్పు పొడి, నల్లటి జిగురు కనిపిస్తే ట్యాంకు దించి చూడకుండా బేరం ఆడొద్దు. మన సముద్రపు గాలికి, నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టిన బండ్లలో నీరు చేరుతుంది. మంచం కింద మూత ప్లేటు అందుబాటులో లేకపోతే చెక్క విప్పించండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే వదిలెయ్యండి. లోపల డీజిల్ వాసన వస్తే అసలు ఊరుకోవద్దు, పక్కనే గ్యాస్ సిలిండర్ ఉంటుంది.

ఒక జాగ్రత్త. పైన చెప్పిన పనులు పాత మెకానికల్ పంపు బండ్లకు. కామన్ రైల్ ఇంజిన్ (కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం డీజిల్ ఇంజిన్) అయితే నడుస్తుండగా హై ప్రెజర్ పైపులు ముట్టుకోకండి. అందులో ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటొచ్చు, చర్మంలోకి డీజిల్ దూసుకుపోతుంది.

సీట్లు పీకి మంచాలు వేసిన మార్పు ఆర్సీలో నమోదైందో లేదో కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వచ్చే విషయం ఇది, తర్వాత ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఈ ఆదివారం మా తోడల్లుడు నరసన్నపేటలో ఒక వ్యాను చూడటానికి వెళ్తున్నాడు. ఆ తుప్పు గొట్టం, మూర ప్లాస్టిక్ పైపు, అయిదు లీటర్ల క్యాను మూడూ అతనికి ఇచ్చి పంపుతున్నాను.