స్కాట్స్‌డేల్‌లో ఫిరోజా కొంటే రశీదు చదవండి

అరిజోనాలోని స్కాట్స్‌డేల్ ఓల్డ్ టౌన్‌లో "సగం ధరకే" అన్న బోర్డు చూసి దుకాణంలోకి దూరేవాళ్లే ఎక్కువ మోసపోతారు. రెట్టింపు చేసిన ధరను సగం చేయడం పెద్ద విద్యేం కాదు. అక్కడ గిరాకీ అంతా వెండిలో పొదిగిన టర్కాయిజ్‌కి. మన పాతబస్తీలో ఫిరోజా అంటారే, ఆ నీలి రాయే.

రాయి రకానికి అక్కడ వాడే మాటలు తెలియాలి. "స్టెబిలైజ్డ్" అంటే మెత్తటి అసలు రాయికి రెసిన్ (ప్లాస్టిక్‌లాంటి జిగురు) పట్టించి గట్టిపరిచినది. అందులో తప్పు లేదు, బజారులో ఎక్కువగా ఉండేది అదే. కానీ దానికి సహజ రాయి ధర ఇవ్వకూడదు. "రీకన్‌స్టిట్యూటెడ్" అంటే రాతిపొడిని రెసిన్‌తో ముద్దచేసి కోసినది. "బ్లాక్" అంటే ఉత్త ప్లాస్టిక్కే. హౌలైట్ అనే తెల్లటి రాయికి రంగేసి అమ్మితే పూస రంధ్రంలోకి చూడండి, లోపలి తెలుపు దొరికిపోతుంది. దండలో పూసలన్నీ ఒకే నీలం, నల్లగీతలన్నీ ఒకే తీరుగా ఉంటే వెనక్కి ఇచ్చేయడమే. వెండికి స్టెర్లింగ్ లేదా 925 ముద్ర ఉండాలి. "జర్మన్ సిల్వర్" సంగతి మనకు తెలిసిందే, పూజ పళ్లేల్లో లాగే అందులోనూ వెండి వీసమెత్తు ఉండదు.

రాయి లేకుండా కొనదగ్గది హోపీ అనే ఆదివాసీ తెగవాళ్ల ఓవర్‌లే వెండి పని. పై రేకులో బొమ్మను సన్నటి రంపంతో కోసి, కింద ఇంకో రేకు అతికి, లోతు భాగాన్ని నల్లబరుస్తారు. పక్క నుంచి చూస్తే కోత అంచు నిటారుగా, పదునుగా కనిపించాలి. అంచులు గుండ్రంగా మొద్దుబారి ఉంటే అది అచ్చులో పోసిన నకలు అనుకోవచ్చు.

రశీదు మీద కళాకారుడి పేరు, తెగ, వెండి నాణ్యత, రాయి రకం రాసివ్వమనండి. ఆదివాసులు చేయని వస్తువును వాళ్లు చేసిందని అమ్మడం 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం నేరం. అందుకే "నేటివ్ స్టైల్" అని నోటితో చెప్పే దుకాణదారుడు కాగితం దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతాడు. ఎంఆర్‌పీ అలవాటున్న మనవాళ్లు ఇంకోటి మరిచిపోతారు: చీటీ మీది ధరకు బిల్లులో దాదాపు 8 శాతం అమ్మకం పన్ను కలుస్తుంది.

షాపింగంటే మొహం ముడుచుకునే మనిషి వెంట ఉంటే 1958 నాటి గులాబీరంగు ఐస్‌క్రీమ్ దుకాణం షుగర్ బౌల్‌లో ఐస్‌క్రీమ్ ముందు కూర్చోబెట్టండి. గురువారం సాయంత్రమైతే మెయిన్ స్ట్రీట్, మార్షల్ వే గ్యాలరీలు ఆర్ట్‌వాక్ కోసం, అంటే జనం తిరిగి బొమ్మలు చూసేందుకు, తెరిచి ఉంటాయి, చూడ్డానికి పైసా అక్కర్లేదు.

కౌబాయ్ చెక్క ముఖద్వారాలను చూసి మురిసిపోకండి. 1888లో సైనిక మతాధికారి విన్‌ఫీల్డ్ స్కాట్ నారింజ చెట్లు నాటిన ఊరిది. ఆ వేషం చాలావరకు తర్వాత సందర్శకుల కోసం వేసుకున్నది. అసలు జీనులు, కాలి ముళ్లు, షెరీఫ్ బిళ్లలు చూడాలంటే 2015లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ద వెస్ట్‌కి వెళ్లాలి. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇల్లు, స్టూడియో అయిన తాలీసిన్ వెస్ట్ ఓల్డ్ టౌన్ నుంచి కారులో అరగంట. ఆయన దాన్ని 1937లో మొదలుపెట్టాడు, 2019లో యునెస్కో జాబితాకెక్కింది. గోడలకు ఎడారి రాళ్లను చెక్క అచ్చుల్లో పేర్చి కాంక్రీటు పోశారు, ఉదయపు ఏటవాలు ఎండలో ఆ రాళ్ల రంగులు విడివిడిగా తేలతాయి. టికెట్ ముందే తీసుకోండి.

బస విషయంలో గది అద్దె మీద హోటల్ తప్పనిసరిగా వేసే రిసార్ట్ ఫీజే అసలు దెబ్బ. గది 200 డాలర్లు, ఫీజు 45 అనుకుంటే, దాదాపు 14 శాతం పన్నుతో రాత్రికి 279 దాటుతుంది. కారును హోటల్ మనిషే నిలిపే వాలే పార్కింగు ఖర్చు వేరే. 2025 మే నుంచి తప్పనిసరి ఫీజును కలిపే ధర చూపాలన్న నిబంధన వచ్చింది కానీ, పన్ను ఇప్పటికీ చివర్లోనే తేలొచ్చు. ఫిబ్రవరి, మార్చిలో బేస్‌బాల్ శిక్షణ మ్యాచ్‌ల వల్ల రేట్లు మండిపోతాయి. జూన్‌లో రేట్లు దిగుతాయి, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

శాకాహారులు మెక్సికన్ హోటల్లో రెండు ప్రశ్నలు అడగాలి: బీన్స్‌లో పంది కొవ్వు వేశారా, అన్నం కోడి రసంలో వండారా? ఆదివాసుల వేపుడు రొట్టె ఫ్రై బ్రెడ్ చూడ్డానికి మన పెద్ద మైదా పూరీలా ఉన్నా, వేయించిన నూనె ఏదో కనుక్కున్నాకే చెయ్యి పెట్టండి.

ఇంటికొచ్చాక తలంటుకునే రోజు ఆ ఉంగరం తీసి పక్కన పెట్టండి. నూనె పీల్చిన ఫిరోజా మెల్లగా ఆకుపచ్చకు తిరుగుతుంది.