కర్నూలులో లైఫ్ జాకెట్లు కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

గాజులదిన్నె ప్రాజెక్టులో పుట్టి ఎక్కుదామని పిల్లలు ఒకటే గోల. సరే అని పోయిన నెల కర్నూలులోనే ఒక షాపులో నాలుగు లైఫ్ జాకెట్లు కొన్నాను. ఒక్కోటి 650 రూపాయలు. షాపు పేరు రాయడం లేదు, అదే సరుకు ఇంకో రెండు చోట్ల కూడా చూశాను కాబట్టి.

"అన్నా, 90 కిలోల మనిషినైనా మోస్తుంది, రాసుంది చూడు" అన్నాడు షాపతను. లేబుల్ మీద 90 కిలోలు అనీ, దాని కింద 100 న్యూటన్లు అనీ ఉంది. తలూపి డబ్బులిచ్చేశాను.

మా బామ్మర్దికి దేని మీదైనా అనుమానమే. వాళ్ళ కిరాణా కొట్టు నుంచి 5 కిలోల ఇనుప తూకం రాయి తెచ్చి, జాకెట్‌కు కట్టి మా సంపులో వదిలాడు. తేలింది. "చూశావా?" అన్నాను. "ఉండు బావా" అన్నాడు. టీ తాగొచ్చి మూత తీస్తే సంపు అడుగున నారింజ రంగు కనిపించింది.

100 న్యూటన్లంటే నీళ్ళలో సుమారు 10 కిలోల బరువును పైకి పట్టి ఉంచే బలం. 5 కిలోల ఇనుము నీళ్ళలో నాలుగున్నర కిలోలు కూడా తూగదు. దానికే మునిగిందంటే 50 న్యూటన్లు కూడా లేవన్నమాట. బయటికి లాగి పిండితే దోసెడు దోసెడు నీళ్ళు. కుట్లు విప్పితే లోపల పరుపుల స్పాంజి ముక్కలు! అక్కడ ఉండాల్సింది నీళ్ళు పీల్చని ఫోమ్. షాపులో బకెట్లో వేసి చూపించినా నమ్మొద్దు, మొదటి ఐదు నిమిషాలు ఇదీ తేలుతుంది.

ఇక ఆ కిలోల లెక్క. అది వేసుకునే మనిషి బరువు, సైజు కోసం రాస్తారు. మన బరువులో చాలావరకు నీళ్ళే మోస్తాయి, తల పైకి ఉంచడానికే జాకెట్ సాయం కావాలి. చూడాల్సింది న్యూటన్లు, పక్కన లైఫ్ జాకెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12402 అనే ముద్ర. 50 ఉన్నది ఈత వచ్చినవాళ్ళకు, ఒడ్డు దగ్గరే ఉండేవాళ్ళకు. స్పృహ తప్పితే అది మనిషిని వెల్లకిలా తిప్పదు. ఈత రానివాళ్ళకు, మన రిజర్వాయర్ల లాంటి నిదానమైన నీళ్ళకు కనీసం 100 కావాలి. 150, 275 సముద్రం మీదికి పోయేవాళ్ళకు. వెల్లకిలా తిప్పాలంటే ఫోమ్ ఎక్కువగా ఛాతీ వైపు ఉండాలి, తల వెనక కాలర్ ఉండాలి. మావాటికి ముందూ వెనకా ఒకే మందం, కాలర్ లేనేలేదు.

పిల్లల విషయంలో ఇంకా భయమేసింది. తొమ్మిదేళ్ళ మా పాపకు బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవులు దాటి వచ్చేసింది. నీళ్ళలో జరిగేదీ అదే. పిల్లల జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి.

వాపసు ఇవ్వబోతే షాపతను ఏమన్నాడో తెలుసా? "నీళ్ళలో వేసిన జాకెట్ తీసుకోం." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బిల్లు ఉంది కాబట్టి కుదిరింది, మీరూ బిల్లు అడగండి. మొన్న అటు వెళ్తే అదే నారింజ రంగు కట్ట ఇంకా గుమ్మానికి వేలాడుతోంది.