మగవాళ్ల రొమ్ము క్యాన్సర్: టామాక్సిఫెన్ మేలా, లెట్రోజోల్ మేలా?

మగవాళ్లకి రొమ్ము క్యాన్సరేంటి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కానీ, మొత్తం రొమ్ము క్యాన్సర్ కేసుల్లో దాదాపు 1 శాతం మగవాళ్లవే. వాటిలో పదింట తొమ్మిది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ అండతో పెరిగే రకం. అందుకే ఆపరేషన్ అయిపోయాక కూడా ఏళ్ల తరబడి ఆ హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర వేసుకోమంటారు. ఏ మాత్ర అన్నదే ప్రశ్న.

టామాక్సిఫెన్ పాత మందు. రోజుకి 20 మిల్లీగ్రాములు, మామూలుగా 5 ఏళ్లు. ఇది ఈస్ట్రోజెన్ తయారీని ఆపదు, క్యాన్సర్ కణం మీద ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే చోటుని ముందే ఆక్రమించేస్తుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ అలా కాదు, తయారీకే అడ్డుపడతాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఇవే కాస్త మెరుగ్గా పనిచేస్తాయి కాబట్టి, "మరి నాకెందుకు ఆ పాతది?" అని ఎవరికైనా అనిపిస్తుంది.

మగ శరీరంలో ఆ లెక్క కుదరదు. ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడు వృషణాలని ఇంకా గట్టిగా పనిచెయ్యమంటుంది, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పెరుగుతుంది, ఈస్ట్రోజెన్‌కి ముడిసరుకు అదే కదా! అందుకని లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే చాలదు, వృషణాల పనిని ఆపే ఇంజెక్షన్ కూడా కావాలి. దాంతో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, ఎముకలు పలచబడటం వచ్చిపడతాయి. నన్నడిగితే, ప్రత్యేక కారణం లేనప్పుడు టామాక్సిఫెనే మేలు, డాక్టర్లు మొదట రాసేదీ అదే.

అలాగని అదేమీ సుఖమైన మందు కాదు. ఒళ్లంతా వేడి ఆవిర్లు, బరువు పెరగడం, చిరాకు, పడకగదిలో ఇబ్బంది, ఇవన్నీ దీంతోనూ ఉంటాయి, సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మధ్యలో మానేసేవాళ్లూ ఉన్నారు. అసలు భయం రక్తం గడ్డకట్టడం. ఇంతకుముందు కాల్లోగానీ ఊపిరితిత్తుల్లోగానీ గడ్డకట్టి ఉంటే మాత్రం లెట్రోజోల్, ఇంజెక్షన్ జోడీ వైపు చూడాల్సిందే. ఇంకోటి, డిప్రెషన్‌కి పారాక్సిటిన్, ఫ్లుఆక్సిటిన్ వాడుతుంటే ముందే చెప్పాలి, అవి టామాక్సిఫెన్ బలాన్ని తగ్గించగలవు. వాటి బదులు వేరే మందు రాస్తారు.